పది నిమిషాలు నొక్కి పట్టుకోవాలి

ఇరవై రెండు మందికి బిర్యానీ అంటే ఉల్లిపాయలు తరగడంతోనే మనిషి సగం అయిపోతుంది. అమెరికాలో, హెర్న్‌డన్‌లోని తమ టౌన్‌హౌస్ వంటింట్లో ఫెబీ ఆ పని ముగించి, వేయించడం మొదలుపెట్టి, ఒక కన్ను గడియారం మీదే ఉంచింది. శనివారం, సాయంత్రం ఐదింటికి ఇంట్లో ప్రార్థన కూడిక. నెలకొకరింట్లో జరగాల్సిన కూడిక ఈ ఏడాదిలో మూడోసారి వీళ్లింటికే వచ్చింది. "మా ఫెబీ మేనేజ్ చేసేస్తుంది బ్రదర్," అని ఆమె భర్త లెవి చర్చిలోనే మాటిచ్చేశాడు. పక్కనే ఉన్న ఫెబీని ఒక్క మాట అడగలేదు.

అది మెచ్చుకోవడమే, అక్కడే వచ్చింది చిక్కు. తిడితే తిరిగి ఒక మాటైనా అనొచ్చు. మెచ్చుకుంటుంటే ఏమంటుంది? బాపట్లలో ఉన్న అత్తగారు వీడియో కాల్‌లో ఎవరు కనబడినా "మా కోడలికి అలుపన్నదే తెలీదమ్మా" అని మురిసిపోతుంది. ఆఫీసులోనూ అదే వరస. టెస్టింగ్ టీమ్‌లో ఆమెతోపాటే చేరిన నీరజ్ లీడ్ అయ్యాడు. ఆమెకు మాత్రం "నువ్వు మనుషులతో ఎంత బాగా ఉంటావో" అంటూ అందరి పుట్టినరోజులకూ కేకులు తెప్పించే పని, అది చాలనట్టు ఫ్లోర్ మొత్తానికి ఫస్ట్ ఎయిడ్ వాలంటీర్ పని అంటగట్టారు. ట్రైనింగ్ కూడా సెలవు రోజునే. ఫెబీ వెళ్లింది, శ్రద్ధగా నేర్చుకుంది, ఫస్ట్ ఎయిడ్ పెట్టె ఒకటి కొని ఇంట్లోనూ పెట్టుకుంది. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అనుకుంది. ఆ ఎవరో ఒకరు ప్రతిసారీ తనే ఎందుకవుతుందో అని ఆలోచించే తీరిక ఆమెకు దొరకలేదు.

ఉల్లిపాయలు ఎర్రబడుతుండగా పెరుగుచట్నీకి గాజు గిన్నె కోసం వెతికితే కనబడలేదు.

"ఎలీనా, పెద్ద గ్లాస్ బౌల్ చూశావా?"

"నో మమ్మీ," అంది మేడమీది నుంచి తొమ్మిదేళ్ల కూతురు. గొంతు మరీ మామూలుగా ఉంది. పిల్లల గొంతు మరీ అంత మామూలుగా ఉందంటే ఏదో జరిగిందన్నమాటే. ఫెబీ మంట తగ్గించి పైకి వెళ్లింది.

జూన్ ఎండల్లో పొడుగు చేతుల స్వెటర్ వేసుకుని, ఎలీనా బాత్‌టబ్ అంచు మీద కూర్చుని ఉంది. చెత్తబుట్టలో ఎర్రటి టిష్యూలు. ఒళ్లో గిఫ్టులకు వేసే టేపు.

"చెయ్యి చూపించు."

"ఇట్స్ ఫైన్ మమ్మీ. నేను మేనేజ్ చేసాను."

స్వెటర్ చెయ్యి పైకి జరిపితే మోచేతికి కిందుగా అంగుళం పొడవు గాటు. దాని మీద అడ్డదిడ్డంగా మూడు టేపు ముక్కలు, వాటి కింద నెత్తురు. గిన్నె జారి పగిలిందట. మమ్మీకి పని పెరుగుతుందని ముక్కలన్నీ ఏరి గరాజ్‌లో పారేసి వచ్చిందట.

ఫెబీ కోప్పడలేదు. టేపును తడిపి మెల్లగా ఊడదీసి, గాటును కుళాయి కింద పెట్టి బాగా కడిగింది. ఫోన్ లైట్ వేసి గాజుముక్క ఏమైనా ఉండిపోయిందేమోనని ఒకటికి రెండుసార్లు చూసింది. వేళ్లన్నీ ఆడించమంది. లోతు లేదు, కుట్లు అక్కర్లేదు. శుభ్రమైన గుడ్డపట్టీని గాటు మీద పెట్టి అదిమి పట్టుకుంది.

"పది నిమిషాలు ఇలాగే పట్టుకోవాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు."

"టెన్ మినిట్స్? నీకు బిర్యానీ ఉంది కదా?"

ఆ మాటకు ఫెబీ మనసు చివుక్కుమంది. "ముందే నన్నెందుకు పిలవలేదు తల్లీ?"

ఎలీనా కాసేపు టేపు చుట్టను తిప్పుతూ కూర్చుంది. "థాంక్స్‌గివింగ్‌కి నీ చెయ్యి ఆయిల్‌తో కాలింది. నువ్వు ఇక్కడే ఏడ్చావు. తర్వాత లాంగ్ స్లీవ్స్ వేసుకుని కిందకి వెళ్లి అందరికీ స్వీట్ పెట్టావు. నేను చూసాను. నువ్వు ఎవరికీ చెప్పలేదు."

కూతురికి బైబిల్ వచనాలు నేర్పింది, ఎక్కాలు నేర్పింది, తెలుగు అక్షరాలు బతిమాలి నేర్పింది. అవేవీ ఇంత బాగా పట్టుబడలేదు. కూర్చోబెట్టి చెప్పనే చెప్పని ఈ ఒక్క పాఠం మాత్రం పిల్ల చూసి చూసి నేర్చేసుకుంది. ఇంకో ఇరవై ఏళ్లకు ఎక్కడో ఎవరి వంటింట్లోనో ఇది కూడా స్వెటర్ చేతులు కిందికి లాక్కుని నవ్వుతుందా? ఎవరో దీన్ని కూడా అలుపు తెలియని మనిషని మెచ్చుకుంటారా?

"నేను చేసింది తప్పు నాన్నా. నొప్పి పుడితే చెప్పాలి. ఇప్పుడు చెప్పు, నొప్పిగా ఉందా?"

"కొంచెం."

"కొంచెమేనా?"

"చాలా," అని తల్లి భుజం మీద తల వాల్చి బావురుమంది. ఫెబీ ఒక చేత్తో గాటును అదిమి, రెండో చేత్తో పిల్లను దగ్గరికి తీసుకుంది. ఊరుకోమని అనలేదు.

"ఫెబీ!" కింది నుంచి లెవి. "ఏదో మాడుతున్న వాసన వస్తోంది, చూడు!"

"మీరే చూడండి."

"నేనా? ఏం చెయ్యాలి?"

"స్టవ్ ఆపండి."

"ఏ నాబ్?"

ఎలీనా ఏడుపులోనే కిసుక్కున నవ్వింది. ఫెబీకీ నవ్వాగలేదు. ఏ నాబో మాత్రం చెప్పలేదు. ఆ ఇంట్లో ఆయనా ఏడేళ్లుగా ఉంటున్నాడు మరి.

పది నిమిషాలయ్యాక నెత్తురు ఆగింది, కింద మాడు వాసనా తగ్గింది. చుట్టూ తడి లేకుండా అద్ది, పెట్టెలోంచి సన్నటి బటర్‌ఫ్లై పట్టీలు తీసింది. మొదటిది సరిగ్గా గాటు మధ్యలో. ఒక కొస ఒక పక్క అంటించి, గాటు అంచులు రెండూ కలిసేలా దగ్గరికి చేర్చి, రెండో కొస అవతల అంటించింది. అటొకటి, ఇటొకటి. ఎలీనా ఊపిరి బిగబట్టి చూసింది. ఈసారి స్వెటర్ చెయ్యి కిందికి లాక్కోలేదు.

కూడికకు అందరూ వచ్చారు. పాటలయ్యాక సంఘపెద్ద రాజారావు గారు నోటుపుస్తకం తెరిచి ప్రార్థన మనవులు అడిగారు. ఎవరు ఏ విషయం కోసం ప్రార్థించమంటే అది రాసుకుని, చివర్లో పేరుపేరునా చదువుతారాయన. ప్రతి ఇంటి తరఫునా మగవాళ్లే చెప్పడం, ఆ వేళకు ఆడవాళ్లు ప్లేట్లు సర్దడానికి లేవడం అలవాటు. ఫెబీ లేవలేదు. కూతురి పక్కన కార్పెట్ మీదే కూర్చుంది.

"మా గ్రీన్ కార్డ్ గురించి బ్రదర్," అన్నాడు లెవి. "అమ్మ మోకాళ్ల గురించి. ఎలీనా చేతికి చిన్న దెబ్బ తగిలింది, దాని గురించి. అంతే."

"ఇంకొకటుంది బ్రదర్ గారూ," అంది ఫెబీ.

రాజారావు గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "చెప్పమ్మా. ఎవరి పేరు రాయమంటావు?"

"ఫెబీ."

లెవి ఆమె వైపు తిరిగాడు. ఎలీనా ఆమె వేలు పట్టుకుంది.

"ఏమని రాయనమ్మా?"

"అలసిపోయింది అని రాయండి. చదివేటప్పుడు కాస్త గట్టిగా చదవండి."