వెంకటశేషమ్మ మొక్కు

బిట్రగుంట రైల్వే కాలనీలో వెంకటశేషమ్మ మాట్లాడకుండా కూర్చుందంటే ఆమెకి ఒళ్ళు బాగాలేదని అర్థం. అరవై రెండేళ్ళ మనిషి. లోకో షెడ్డులో ఇంజనుకి బొగ్గేసే ఫైర్‌మన్‌గా చేసే కొడుకు రంగనాయకులు డ్యూటీ దిగి మొహం కడుక్కునేలోపే పది ప్రశ్నలు అయిపోతాయి. ఇంజను ఎన్ని బిందెల నీళ్ళు తాగుతుంది? వంతెన మీద పోయేటప్పుడు కింద నది కనబడుతుందా? పాపం, వాడికి ముద్ద గొంతు దిగేదాకా ఆగొచ్చు గదా అంటే, ఆగదు.

ఆ మధ్య ఇంజను డ్రైవరు హెబ్రోను కేరళలో కొల్లం వైపు కొన్నాళ్ళు పనిచేసి వచ్చాడు. వీళ్ళింటికి కాఫీకొచ్చి అక్కడి సంగతులు చెబుతుంటే, వెంకటశేషమ్మ చేటలో బియ్యం పక్కన పెట్టి మరీ విన్నది.

"ఆ కొండల్లో అడవి ఎట్టా ఉంటదంటే పెద్దమ్మా, మిట్టమధ్యాహ్నం కూడా నేల మీద ఎండ పడదు. వాన నిలిచినా చెట్లు కురుస్తానే ఉంటాయి, గొడుగు ముడిచే పనే లేదు. కొండ దిగితే సముద్రం. అడిగితే మనల్ని తెప్ప మీద కూర్చోబెట్టుకుని, ఇంతెత్తు అల మీద జర్రున ఒడ్డుకి తెస్తారు."

నెల్లూరు ఎండల్లో పుట్టి పెరిగిన మనిషాయె. వాన కోసం కార్తీకం దాకా మొహం వాచి ఉండాల్సిన చోటు. చెట్టు కురవడమేందో ఆమెకి అంతుపట్టలేదు. "నిలిచినాక ఎంతసేపు కురుస్తాయి? పిట్టలు యాడ తలదాచుకుంటాయి? ఆకులు కుళ్ళిపోవా?" హెబ్రోను కాఫీ కాస్తా చల్లారిపోయింది.

ఇక అల సంగతి, అది పాత కోరిక. పెళ్ళయిన ఏడు మైపాడుకి సముద్ర స్నానానికి పోయినప్పుడు, బెస్తవాళ్ళు తెప్పల మీద అలనెక్కి వస్తుంటే చూసి, "నేనూ ఎక్కుతా" అన్నది. "కళ్ళు మూసుకుని మూడు మునకలెయ్యి" అన్నాడు మొగుడు. మునకలైతే వేసింది గానీ కళ్ళు మూయలేదు.

ఆదివారం పొద్దున రంగనాయకులు మంచం మీద, రైల్వే వాళ్ళకిచ్చే ఉచిత ప్రయాణం పాసు ఫారం పరిచాడు. ఈ ఏడు సెలవులకి ఆ అడవులూ, ఆ సముద్రమూ అని భార్య ప్రమీలమ్మా, కూతురు ఆనందకుమారీ ఎప్పుడో తేల్చేశారు. ఎవరెవరు పోతున్నారో, దారిలో ఎక్కడెక్కడ దిగుతారో ముందే రాసివ్వాలి.

"నేను, నువ్వు, పాప," అని భార్యకి లెక్క చెప్పి, "అమ్మని విడవలూరులో మామ దగ్గర దించి పోదాం. వచ్చే ఏడు రామేశ్వరం తీసకపోతా," అన్నాడు.

చూడండి మరి! ముసలమ్మకి గుళ్ళూ గోపురాలూ తప్ప ఇంకేం వద్దని ఎవరు చెప్పారు వీడికి? మనసు మంచిదే, అదే వచ్చిన చిక్కు. వెంకటశేషమ్మ గబగబా లెక్కేసుకుంది. ఇప్పుడు తప్పిందంటే ఆ అడవి ఇక ఈ జన్మకి లేదు.

"నాకక్కడ మొక్కుండాది," అనేసింది.

"యాడ?"

"ఆ అడవిలోనే. అమ్మవారికి. ముడుపు కూడా కట్టినా."

కట్టిన మాట నిజమే. ఇట్టాంటిదేదో వస్తుందని మూడు రోజుల ముందే అనుమానపడి, పసుపు గుడ్డలో ముడుపు కట్టి దేవుడి గూట్లో పెట్టి ఉంచింది.

మొక్కు అనేసరికి రంగనాయకులు చెంపలేసుకున్నాడు. "ముందే చెప్పొద్దా అమ్మా! ఏ స్టేషన్లో దిగాల?"

ఏమని చెబుతుంది? హెబ్రోను చెప్పిన పేర్లలో ఒక్కటీ ఆమెకి నోరు తిరగలేదు. "అదేరా... కొండ పక్కన..." అని నసుగుతుండగా, ఆనందకుమారి గూట్లోంచి ముడుపు తెచ్చి పళ్ళతో ముడి విప్పేసింది. ఆ నాయనమ్మకి మనవరాలే గదా, చూడందే ఊరుకోదు. లోపలున్నది దొర్లి మంచం కిందికి పోయింది.

"నాయనమ్మా, అమ్మవారికి చింతగింజా?"

ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రంగనాయకులు నవ్వలేదు. "మొక్కు పేరు చెప్పి అబద్ధమాడతావా అమ్మా?"

"ఉన్న దేవుళ్ళ జోలికి పోయినానా? ఊరూ పేరూ లేని అమ్మవారికి గదా మొక్కినా!" అని దబాయించబోయి, మధ్యలోనే దిగొచ్చింది. "మొక్కూ లేదు, ఏమీ లేదురా. చెట్టు ఎట్టా కురుస్తుందో చూడాలని ఉండాది. అల మీద కూర్చోవాలని ఉండాది. అట్టా చెబితే నన్ను తీసకపోతారా ఎవరన్నా? మీ నాయన ఉన్నప్పుడూ అంతే, గుడి ఉంటేనే గడప దాటినా."

రంగనాయకులు పెన్నుకి మూత పెట్టాడు. అయిపోయిందనుకుంది వెంకటశేషమ్మ. చింతగింజ కోసం వంగబోతే మోకాలు పట్టేసింది. వాడే వంగి తీసి ఆమె చేతిలో పెట్టాడు. తలెత్తి ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

మళ్ళీ పెన్ను తీసి ముందు ఆమె పేరు రాశాడు. "చెప్పమ్మా, నువ్వు యాడ దిగుతావు?"

అరవై రెండేళ్ళలో నాయన దించిన చోట దిగింది, మొగుడు దించిన చోట దిగింది, కొడుకు దించిన చోట దిగింది. ఎక్కడ దిగుతావని అడిగినవాడు లేడు. ఊరందరినీ ప్రశ్నలతో చంపే మనిషి, తనని ఒక్కటి అడిగేసరికి అరచేతిలో చింతగింజని అటూ ఇటూ దొర్లించింది.

"వాన నిలిచిన చోట దించరా," అన్నది చివరికి, కళ్ళొత్తుకుంటూ. "చెట్లు కురిసేది చూసి మళ్ళీ బండెక్కుతా. అల దగ్గర మాత్రం నన్ను తొందరపెట్టబాకండి."