ముద్రలు పడ్డ నలభై ఆరు

సౌదీలోని దమ్మామ్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో ఆరేళ్లుగా అద్దాలు సానపట్టి ఫ్రేముల్లో బిగిస్తున్నాను. కళ్ల పరీక్షలు నేర్పే ఆప్టోమెట్రీ కోర్సుకు ఇక్కడి కాలేజీలో అప్లై చేయాలంటే డిగ్రీ మార్కుల లిస్టు అసలైనదేనని ప్రభుత్వ ముద్రలేయించి అటెస్టేషన్ చేయించాలన్నారు. ఆ కాగితం హైదరాబాదు, ఢిల్లీ, సౌదీ ఎంబసీ తిరిగి మూడు నెలలకు నా చేతికొచ్చింది. అన్ని ముద్రలు పడ్డాక నా మార్కులకూ కాస్త మర్యాద వస్తుందనుకున్నాను, వెర్రివాణ్ణి.

కాలేజీ కౌంటర్లో ఉన్న నెల్లూరు మనిషి పెంచలయ్య దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ముద్రలన్నీ అసలైనవే తమ్ముడూ. అరవై శాతం ఉండాల. నీకు నలభై ఆరే గదా!"

"ఆరేళ్ల పనితనం లెక్కలోకి రాదా అన్నా?"

"దానికి ముద్ర ఎవరేస్తారు?"

నేనెందుకూ పనికిరానని ఇంతకాలం మా లెక్కల మాస్టారొక్కడే అనేవాడు. ఇప్పుడు రెండు ప్రభుత్వాలు ముద్రలేసి మరీ ఒప్పుకున్నాయి.