వంకర పోవాల్సిన కారు

అమీర్‌పేటలో పొద్దున్నే కోచింగ్ సెంటర్ల ముందు ఎంత రద్దీ ఉంటుందో, వెనక సందులో కాంతవ్వ గుమ్మం ముందూ ఇంచుమించు అంతే ఉండేది. సిరిసిల్లలో మగ్గం అమ్మేసి కొడుకు వెంట వచ్చిన ఆ ముసలావిడ దేనికైనా నూలుపోగు ముడేసిందంటే, అది ఇక తిన్నగానే పోతుంది. సైకిలు నేర్చుకునే పిల్లలు హ్యాండిలుకు కట్టించుకునేవాళ్లు. పక్కింటి బుచ్చమ్మ జీతాలరోజున మొగుడు హనుమాండ్లు మణికట్టుకు కట్టించేది. బస్సు దిగితే కల్లు కాంపౌండు ఎడమకు, ఇల్లు ఎదురుగా. పాపం, పక్కకు తిరగలేక ఇంటికే వచ్చి పడేవాడు. ఒకరి చేతి వంట బాగుంటుంది, ఒకరి చేతి ముడి బాగుంటుంది, ఇందులో వింతేముంది అనుకునేవాళ్లు సందులోవాళ్లు. ముడి మాత్రం ఆవిడే విప్పాలి. కత్తెర పెడితే ఆ వస్తువు ఉన్నచోటే బిగుసుకుపోతుంది.

మనవడు భానుచందర్‌కు తిన్నగా పోవడంతో పనిలేదు. డాబా మీద కూర్చుని, రిమోట్ కారును మలుపుల్లో అడ్డంగా జారేలా తయారుచేస్తున్నాడు. రబ్బరు టైర్లు నేలను పట్టేసుకుంటాయని వాటి మీద పీవీసీ పైపు కోసి రింగులు తొడిగాడు. వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తిరగాలని గేర్ల మధ్య ఎం-సీల్ కూరాడు. ముందు చక్రాలు ఇంకాస్త తిరిగేలా అడ్డొచ్చిన ప్లాస్టిక్‌ను ఆకురాయితో అరగదీశాడు.

పంజగుట్టలో ఈ కార్ల షాపు నడిపే కృష్ణమోహన్, అమీర్‌పేట చౌరస్తాలో ఒక కాంప్లెక్స్ సెల్లార్లో పోటీ పెట్టాడు. గెలిచినవాడికి షాపులో మెకానిక్ పని. భాను తండ్రి మార్కండేయులు, టైలరు, ఒకటే మాటన్నాడు.

"గెలుస్తే గా పనిలనే చేరు, నేనేమన. ఓడినవనుకో, ఆడికెళ్లి సీదా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ డెమో క్లాసుకే. సరేనా?"

భాను సరేనన్నాడు.

ఆదివారం కాంతవ్వతో సహా ముగ్గురూ సెల్లార్‌కు వెళ్లారు. ట్రయల్లో మొదటి మలుపు దగ్గర భాను స్టీరింగ్ తిప్పాడు. చక్రాలు తిరిగాయి, కారు తిరగలేదు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వెళ్లి గోడను గుద్దింది. చుట్టూ నవ్వులు. కారును తిరగేశాడు. వెనక ఇరుసుకు తెల్లటి నూలుపోగు.

"అవ్వా! గిదేం పని చేసినవే?"

"నువ్వు తానం జేస్తుంటె కట్టిన బిడ్డా" అంది కుర్చీలోంచి కాంతవ్వ. "కారు మంచిగ తిన్నగ పోవాలని."

"గీ ఆటల వంకరనే పోవాలెనే! పక్కకు జారాలె!"

బతుకంతా పోగు వంకరపోకుండా కాపాడుకున్న మనిషి, కావాలని వంకర పోనిచ్చే ఆట ఒకటుంటుందని ఎట్లా అనుకుంటుంది? మనవడి మొహం చూసి ఆవిడకు ఏడుపొచ్చేసింది. కారును ఒళ్లో పెట్టుకుని ముడి తడుముకోసాగింది. అసలే శుక్లాల కళ్లు, వాటికి తోడు నీళ్లు.

"భానుచందర్! రాకపోతే తర్వాతి పేరు పిలిచేస్తానయ్యా!" మైకులో కృష్ణమోహన్ అరిచాడు.

"అవ్వా, జర జల్ది!"

"ఉరికిస్తే ఇంకింత బిగుస్తదిరా."

తర్వాతివాడి పేరు సగం పిలిచేసరికి ముడి విడింది. విప్పిన పోగును నేల మీద పడనివ్వడం నేతగాళ్ల ఇళ్లలో తప్పు. వెంటనే దేనికో ఒకదానికి ఎక్కించాలి. ఎదురుగా కనిపించింది మనవడి మణికట్టే, దానికే ముడేసింది. భాను అది చూసుకోను కూడా లేదు, కారు లాక్కుని ఎదురుగా ఉన్న ట్రాక్ దగ్గరికి పరుగెత్తాడు.

ఈసారి కారు తోకను ముందే విసిరి, మలుపు తర్వాత మలుపు అడ్డంగా జారుతూ పోయింది. సెల్లార్ ఈలలతో దద్దరిల్లింది. చివరి మలుపులో వెనక బంపర్ తగిలి హద్దుగా పెట్టిన ఒక కోను పడింది. ఆ ఒక్క కోనుతో గెలుపు వివేక్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడిదైపోయింది.

కృష్ణమోహన్ దగ్గరికొచ్చాడు. "ఏంటయ్యా, పైపు ముక్కలతో ఇంత చేశావా! వివేక్‌కి ఉద్యోగముంది, ఈ పని వద్దంటున్నాడు. నేను షాపుకే పోతున్నా, నువ్వొచ్చెయ్."

"ఓడిపోయిన సార్. మా బాపుకు మాటిచ్చిన" అన్నాడు భాను.

మార్కండేయులు కొడుకు చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఎదురుగానే ర్యాంపు, ఎక్కితే గేటు, గేటుకు ఎదురుగా తిన్నగా పంజగుట్టకు పోయే రోడ్డు. క్లాసు కుడివైపు సందులో. మార్కండేయులు కుడికి తిరిగాడు. భాను కూడా తిరగాలనే చూశాడు, కాళ్లు తిరగలేదు, ఆగనూ లేదు. అడుగులు తిన్నగా, బస్సుల మధ్యకు పడుతున్నాయి.

"అరేయ్! ఎటు పోతున్నవ్‌రా!" రెండు చేతులా లాగాడు తండ్రి. అతన్నీ నాలుగడుగులు ఈడ్చుకుపోయాయి ఆ కాళ్లు. అప్పుడు కనబడింది మణికట్టు మీద పోగు.

"అమ్మా! ఉరికి రా! ఇప్పు దీన్ని!"

కాంతవ్వ గేటు దగ్గరే కూలబడింది. "గిప్పుడే ఒకటి ఇప్పిన. ఇంకోటి నాతోని గాదు" అని కళ్లు తుడుచుకుంది.

బస్సు హారన్ చెవులకు చిల్లులు పొడిచింది. "బాపూ, నేను కావాలని పోతలేను" అన్నాడు భాను, ఏడుస్తూ నడుస్తూనే.

మార్కండేయులు కొడుకు మొహం చూశాడు, ఆ పోగు చూశాడు. చెయ్యి వదిలేశాడు. ముందుకు ఉరికి, రోడ్డు మధ్యలో రెండు చేతులూ చాపి బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగుండ్రి! జర ఆగుండ్రి భాయ్!" అని అరిచాడు. "పిల్లగాడు పనికి పోతుండు!"