ఊళ పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్

సౌకార్‌పేటలో రాగి తీగ చుట్టే కొట్లు ఒకప్పుడు సందుకు రెండు ఉండేవి. ఇప్పుడు ఆ చుట్టుపక్కల మిగిలింది గోపాలయ్యది ఒక్కటే. కాలిపోయిన స్టెబిలైజర్లూ బ్యాటరీ ఛార్జర్లూ ఆయన దగ్గరికి వస్తాయి. లోపలి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వాటికి ప్రాణం పోసి పంపుతాడు. ఆ కొట్టు మీద ఇద్దరికి కన్నుంది. ఒకడు పక్కనే ప్లాస్టిక్ బకెట్లు అమ్మే ఆనందన్. అతనికి గోడౌను కావాలి. రెండోది గోపాలయ్య మనవరాలు అక్షయ. ఇంజనీరింగ్ చదివి హాయిగా ఏసీ ఆఫీసులో కూర్చోవాల్సిన పిల్ల, తాత స్టూలు మీద కూర్చుని తీగ చుడతానంటుంది. చెప్పీ చెప్పీ అమ్మానాన్నలు ఎప్పుడో చేతులెత్తేశారు.

గోపాలయ్య మాత్రం ఎటూ తేల్చలేదు. "లాప్‌టాప్‌లో చుట్టేదానికి కొట్టెందుకమ్మా? ఆనందన్‌కిస్తే బకెట్లన్నా ఉంటాయి ఈడ," అని నవ్వేవాడు. ఆ నవ్వు అక్షయకు ఒళ్ళు మండించేది.

సరిగ్గా అప్పుడే సీతాలక్ష్మి యాంప్లిఫయర్ గొంతు పోయింది. సీతాలక్ష్మి గోపాలయ్య భార్య, వీధి భజన బృందానికి పెద్ద దిక్కు. వాల్వులు వెలిగే ఆ పాత యాంప్లిఫయర్ తప్ప ఇంకోటి ఆమె చెవికి ఆనదు. కొత్తది కొందామంటే, "కొత్త వాటిల్లో నా గొంతు జలుబు చేసినట్టుంటాది," అని కొట్టిపారేసింది. విప్పి చూస్తే, స్పీకరుకు పాటను అందించే ట్రాన్స్‌ఫార్మర్ బొగ్గైపోయి ఉంది.

"కరెంటుదైతే కండ్లు మూసుకొని చుడతా. పాటది నాకు తెల్దు," అన్నాడు గోపాలయ్య.

"నాకు తెలుసు తాతా."

"నువ్వు యాడ చుట్టినావు?"

"చుట్టలే. ముందు కంప్యూటర్లో చేసి చూస్తా. అది పాడితే నువ్వు చుట్టు."

గోపాలయ్య కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరి. శనివారం భజనకు ఇది పాడిందా, కొట్టు నీది. పాడలేదా, తాళంచెవి ఆనందన్‌ది. ఆమేల నన్ను అనకూడదు."

అక్షయ లాప్‌టాప్ తెరిచి రెండు చుట్లు గీసింది. ఆ రెండింటినీ కలిపే తీగ ఏమీ ఉండదు. ఒకదానిలో కరెంటు ఊగితే, మధ్యనున్న ఇనుము వల్ల రెండోదానిలోనూ ఊగుతుంది. ఆ జత ఎంత గట్టిదో చెప్పడానికి ఒక అంకె ఉంటుంది. ఒకటి అంటే పూర్తి జత, సున్నా అంటే మొహమొహాలు చూసుకోని ఇరుగుపొరుగు. అక్షయ ముందు ఒకటి పెట్టింది. తెర మీద పాట బ్రహ్మాండంగా వచ్చింది. నిజం చుట్టుకు అంత అదృష్టం ఎక్కడిదని కాస్త తగ్గించింది. అంతే, పై స్వరాలన్నీ చచ్చూరుకున్నాయి. భజనలో తాళాలు దుప్పటి కప్పుకుని మోగినట్టు ఉంటుందన్నమాట.

పొరలు మార్చి మార్చి చూసింది. మొదటి చుట్టును రెండు సగాలు చేసి, వాటి మధ్యలో రెండో చుట్టును ఇరికిస్తే జత బిగిసింది, తాళాలు లేచి కూర్చున్నాయి. ఆ యాంప్లిఫయర్‌లో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. బయటికి పోయే పాటలో చిటికెడు వెనక్కి వచ్చి, లోపలి తప్పుల్ని దిద్దుతుంది. అక్షయ దాన్నీ కలిపింది. రెండు చుట్లూ ఒకే దిక్కుకు తిరుగుతాయని చెప్పే చుక్కలను, అవి మొదలయ్యే చోట్ల, ఒకే వైపు పెట్టింది. తెర మీద గీత నున్నగా ఊగింది.

గోపాలయ్య ఆమె చెప్పినట్టే చుట్టాడు. శుక్రవారం మధ్యాహ్నం బిగించి, స్విచ్చి వేశారు.

ఊళ. మామూలు ఊళ కాదు. వీధి కుక్కలు జవాబు చెప్పాయి. పక్క కొట్లో ఆనందన్ పేర్చిన బకెట్లు దొర్లిపోయాయి. గోపాలయ్య గబుక్కున ప్లగ్గు పీకేశాడు. గోడకున్న తాళంచెవి వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకున్నాడు. ఆ చూపుకు అక్షయకు ఏడుపు తన్నుకొచ్చింది. ఈ కొట్టు వాసన, ఈ రాగి మెరుపు, ఈ స్టూలు, ఇవేవీ ఇక తనవి కావు.

"ఇరు తాతా, అయిదు నిమిషాలు ఆగు," అని మళ్ళీ లాప్‌టాప్ ముందు కూలబడింది.

అంకెలన్నీ ఒక్కొక్కటిగా కెలికింది. గీత వంకర పోయింది గాని ఊళ పెట్టలేదు. విసుగెత్తి, జత అంకె ముందు మైనస్ పెట్టింది. గీత పెరిగి, పెరిగి, తెర దాటిపోయింది.

"ఇదే! ఇదే అరుపు!"

మైనస్ అంటే ఒక చుట్టు ఎదురు తిరిగి ఉండాలి. కానీ తాత చేయి ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది కదా?

"మా నాయన కాలం నుంచి ఒకే వైపే," అన్నాడు గోపాలయ్య, రోషంగా.

"ఒకసారి చుట్టి చూపించు, ప్లీజ్ తాతా."

ఆయన తీగ చుట్టే ఖాళీ బాబిన్‌ను మిషనుకు ఎక్కించి హ్యాండిల్ తిప్పాడు. కొంత చుట్టి తీగ తెంపాడు. బాబిన్‌ను ఊడదీసి, ఆ చివర ఈ చివరకు తిరగేసి, మళ్ళీ ఎక్కించాడు.

"ఆగు! ఎందుకు తిప్పినావు?"

"ఎందుకేందమ్మా? వచ్చే తీగా పోయే తీగా ఒకే గుమ్మంలో ఉండకూడదని మా నాయన పెట్టిన పద్ధతి. రెండో చుట్టుకు తిరగేస్తాం, మళ్ళీ మొదటిదానికి వస్తే మళ్ళీ తిరగేస్తాం. చిన్నప్పుడు ఈడనే కూర్చొని చూసేదానివి కదా."

చూసింది. వందల సార్లు చూసింది. చూసీ చూసీ అది కంటికి ఆనడం మానేసింది. చేయి ఒకే వైపు తిరిగినా, బాబిన్ తిరగబడితే చుట్టు తిరగబడుతుంది. ఛార్జర్లకు దాంతో పనిలేదు కాబట్టి ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఇక్కడ మాత్రం, తప్పు దిద్దాల్సిన ఆ చిటికెడు పాట ఎదురు తిరిగి, తప్పునే రెచ్చగొట్టింది.

ఆమె చెబుతుంటే గోపాలయ్య చేతిలోని బాబిన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. "నువ్వు అడగలేదు, నేను జెప్పలేదు. బాగుంది మన కొట్టు యవ్వారం!"

మన కొట్టు. ఆ మాట అక్షయ చెవిన పడింది గాని, నమ్మడానికి ధైర్యం చాలలేదు. స్పీకరుకు పోయే తీగల దగ్గర, తిరగబడ్డ ఆ చుట్టు రెండు కొసలూ అటుదిటు మార్చి అతికించింది. స్విచ్చి వేయబోతే తాత చేయి అడ్డం పెట్టాడు.

"వద్దు. రేపు మీ అవ్వ గొంతుతోనే చూద్దాం."

శనివారం సాయంత్రం వీధిలో జంపఖానాలు పరిచారు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. అక్షయ అవ్వ పక్కన కూర్చుంది. సీతాలక్ష్మి కళ్ళు మూసుకుని మొదటి పాట ఎత్తుకుంది.

ఊళ లేదు. ఆ గొంతు పాల మీగడలా వీధంతా పరుచుకుంది. తాళాలు గలగలమన్నాయి. మేడల మీద కిటికీలు తెరుచుకున్నాయి. పాట అయ్యాక ఆనందన్ యాంప్లిఫయర్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"ఎన్న అయ్యా, ఏందిది? లోపల కొత్త ట్రాన్స్‌ఫార్మరా? ఏ కంపెనీ?"

గోపాలయ్య భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. "మా కంపెనీనే. ఓనరమ్మ అదో, ఆడ కూర్చోనుంది. నేను ఆమె దగ్గర తీగ చుట్టేవాణ్ణి. గోడౌను సంగతి ఆమెనే అడుగు."

అక్షయకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయింది, నవ్వు కాస్తా ఏడుపై కూర్చుంది. ముక్కు ఎగబీలుస్తూ తాత వైపు చూస్తుంటే సీతాలక్ష్మి మోచేత్తో పొడిచింది.

"ఏడ్చేది ఆమేల ఏడుద్దువులే, ఓనరమ్మా. ముందు తాళం పట్టు."

మైకు ఆమె నోటి ముందే ఉంది. సౌకార్‌పేటలోని ఆ సందు మొత్తం, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఆ మాట విన్నది.