తూకానికి ఒప్పుకోని ప్రయాణికురాలు

నైలు ఒడ్డున మన్సూరాలో మా ఆయన రుష్దీని అందరూ గాలిపటం దొర అనేవాళ్ళు. ఇటలీలో విమానం నడపడం నేర్చుకుని, నాలుగు సీట్ల విమానంతో ఊళ్ళో దిగాడు. పత్తి చేను చదును చేయించి, గంటలో అలెగ్జాండ్రియా చేరుస్తానని కాఫీ కొట్ల గోడలకు కాగితాలు అంటించాడు. చూడటానికి ఊరంతా వచ్చేది, ఎక్కడానికి ఒక్కడూ వచ్చేవాడు కాదు. కన్నతల్లే ఎక్కని విమానం మనమెందుకు ఎక్కాలి అన్నాడు మిఠాయి కొట్టు దసూఖీ. ఆ మాట ఇంటింటికీ పాకింది. విమానంలో సగం వాటా ఉన్న పత్తి వ్యాపారి, వచ్చే శుక్రవారం కూడా ఖాళీగా ఎగిరితే అమ్మేస్తానని కబురు పెట్టాడు.

మా అత్తగారు నబవియ్యాకు భయమంటే నేను నమ్మను. వరదలో పడవ తిరగబడితే గేదె తోక పట్టుకుని ఒడ్డుకు చేరిన మనిషి ఆవిడ. కానీ విమానం మాటెత్తితే చాలు, మోకాళ్ళ నొప్పులు అనేది.

"మా అమ్మకే నా మీద నమ్మకం లేదు ఇన్సాఫ్," అన్నాడు మా ఆయన, భోజనం ముందు నుంచి లేచిపోతూ. ఆ మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మీద ఒళ్ళు మండింది కూడా.

గురువారం వంటింట్లో ఆవిడ మొలోఖియా ఆకు తరుగుతుంటే నిలదీశాను. చాలాసేపు కత్తి ఆడించి, చివరికి అసలు సంగతి చెప్పింది. అది కాటా సంగతి. మనిషిని తూచనిదే మా ఆయన విమానం లేపడు. ఎక్కేవాళ్ళు లేకపోయినా, ప్రతి శుక్రవారం జనం ముందు తనే పత్తి మూటల కాటా ఎక్కి, బరువు నా చేత గట్టిగా చదివించేవాడు.

"గోధుమలు కొలిచేవాడు కూడా ఒకటి అనడు అమ్మాయ్, దేవుడొక్కడే అంటాడు. రెండు అనడు, ఆయనకు రెండోవాడు లేడంటాడు. గింజలకే అంత జాగ్రత్త. నువ్వేమో వాడి బరువు ఊరందరికీ వినబడేలా అరుస్తావు, నాకు గుండె దడ. ఇక ఇంత ఒళ్ళున్న నన్ను కూడా ఎక్కించి అరిచావనుకో, దిష్టి నాకు తగిలితే పోనీ. నన్ను పైకి తీసుకెళ్ళేది వాడే కదా?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు. వెళ్ళి మా ఆయనకు చెప్పాను. దిష్టి అంటే నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. దిష్టి తగలకుండా తన సీటు కింద నీలిపూస కట్టుకున్నది తనే మరి. తూచకుండా ఎక్కించడం మాత్రం కుదరదన్నాడు. బరువు లెక్క తప్పితే విమానానికి అమ్మా తెలియదు, రాజూ తెలియడు.

శుక్రవారం నమాజు అయ్యాక జనం చేరారు. అత్తగారు నల్ల దుప్పటి కప్పుకుని, అలెగ్జాండ్రియాలో ఉన్న కూతురి కోసం బియ్యం కూరి వండిన పావురాల బుట్టతో వచ్చి, కాటా ముందు ఆగిపోయింది. దసూఖీ చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

మా ఆయన బుట్ట నాకిచ్చాడు. వంగి, తల్లిని రెండు చేతులతో ఎత్తుకుని, కాటా మీదికి ఎక్కాడు.

"దింపరా, నడుం విరుగుతుంది," అంటూ ఆవిడ వీపు మీద గుద్దింది.

చూడు, చదవకు అని నాకు సైగ చేశాడు. నేను చూశాను, నోరు మూసుకున్నాను. ఆయన బరువు నాకు కంఠతా వచ్చు. తీసివేత మనసులోనే చేసుకున్నాను, ఆ అంకె ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

"ఎంతొచ్చిందమ్మా?" అన్నాడు దసూఖీ.

"ఇద్దరిదీ కలిపి వచ్చింది," అన్నాను.

అత్తగారు గుద్దడం ఆపింది. కొడుకు చొక్కా కాలరు సర్దుతూ, "నువ్వు కడుపులో ఉన్నప్పుడూ ఇద్దరిదీ కలిపేరా," అంది మెల్లగా. "అప్పుడూ ఎవరినీ తూచనివ్వలేదు."

ఆయన కాటా దిగాడు. ఆవిడకు కాళ్ళున్నా విమానం దాకా మోసుకునే వెళ్ళి, సీట్లో కూర్చోబెట్టి, బుట్ట ఒళ్ళో పెట్టాడు.

నేను బరువులు రాసే పుస్తకం మూయబోతుంటే దసూఖీ చెప్పులు విప్పి కాటా ఎక్కాడు.

"నాది కూడా పైకి చదవకమ్మా," అన్నాడు.