బావిని చుట్టుకున్న చుట్టం

రోశమ్మకు తెలిసిన మాటలు తక్కువ. ఉన్న కాసిన్ని మాటల్లో ‘చుట్టు’ అనేదాన్ని మాత్రం అరిగిపోయేదాకా వాడేది. ఎండకు తలగుడ్డ చుట్టేది, సంగటి తిని పొగాకు చుట్ట చుట్టేది, పొద్దుగూకితే నలభై గొర్రెల్ని చుట్టబెట్టుకొని మర్రిపాడు దారిన ఇల్లు చేరేది. జనార్దనయ్యను చుట్టమని నమ్మిన పాపం మాత్రం ఆమెది కాదు, మొగుడు వెంగయ్యది.

జనార్దనయ్య వెంగయ్యకు తమ్ముడి వరస. అది ఏ వైపు నుంచి వచ్చిన వరసో ఇద్దరిలో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయేవాళ్లు. ఎవరు ఎదురుపడ్డా గట్టిగా కావలించుకోవడం ఆయనకు అలవాటు. ఆ కావలింతలోంచి బయటపడ్డవాడు ముందుగా మొలతాడు ఉందో లేదో తడిమి చూసుకొని, ఆ తరువాతే కుశలం చెప్పేవాడు.

వెంగయ్య పోయిన రోజున కూడా జనార్దనయ్యే అందరికంటే ముందు వచ్చాడు. శవాన్ని చుట్టుకొని ఊరు అదిరేలా ఏడ్చాడు. నలుగురు పట్టి లాగితే గాని వదల్లేదు. ఏడు తిరక్కముందే, వెంగయ్య గడ్డపారతో రాయి పగలగొట్టి తవ్విన బావి చుట్టూ కంప నాటి తన చేలో కలుపుకున్నాడు. ఇది రెండో ఎండాకాలం. అప్పటిదాకా మందకు నీళ్లిచ్చిన ఊరవతలి కుంట కూడా ఎండిపోయింది. నెల లోపల నీళ్లు దొరక్కపోతే రోశమ్మ మందను సంతకు తోలాల్సిందే.

పందొమ్మిది వందల యాభై ఒకటి, జమాబందీ రోజులు. ఊళ్ల లెక్కలు చూసి అర్జీలు వినడానికి ఆత్మకూరుకు డిప్యూటీ కలెక్టరు వచ్చాడని తెలిసి రోశమ్మ నడిచి వెళ్లింది. కచ్చేరి అరుగు మీద అర్జీలు రాసే నారాయణయ్య ఆమె చెప్పిందంతా విని, ‘బావిని ఆక్రమించుకొనెను’ అని మొదలుపెట్టాడు.

“ఏందయ్యా ఆ మాట?”

“ఆక్రమించుకోవడం అంటే అదే అమ్మా, నువ్వు చెప్పిందే.”

“నేనెప్పుడు జెప్పినా? నాకు తెలియని మాట కింద నేను ఏలిముద్ర ఎయ్యను. శవాన్ని చుట్టుకున్నాడు, ఏడు తిరక్కముందే బావిని చుట్టుకున్నాడు. అట్లా రాయి.”

నారాయణయ్య ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాడు. మంచి మాటను కాలదన్నుకునే మనిషితో ఆయనకు పనేముంది?

డిప్యూటీ కలెక్టరుది కుంభకోణం. తెలుగు పరీక్ష పాసై వచ్చిన మనిషి, నిఘంటువు బల్ల మీద లేకుండా పని చేయడు. అర్జీ రెండుసార్లు చదివి, జనార్దనయ్యను కూడా ఎదుటికి పిలిపించి, రోశమ్మ వైపు చూసి కళ్లద్దాలు పైకి జరిపాడు.

“శవమును ఎట్లు చుట్టుకొనెను? చూపుము.”

రోశమ్మ రెండు చేతులూ చాచి గాలిని గుండెకు హత్తుకుంది. దొర నిఘంటువు తిప్పాడు. వేలు ఒకచోట ఆగింది. అర్థమైపోయిన సంతోషంతో ఆయన జనార్దనయ్య వైపు తిరిగాడు.

“ఓహో! అనగా నీవు బావిని కూడా ఆలింగనము చేసికొంటివి. అది నేరము కాదే!”

కచ్చేరి అంతా గొల్లున నవ్వింది. “కావలింత గాదు దొరా...” అని రోశమ్మ మొదలుపెట్టింది గాని ఆ నవ్వుల్లో ఎవరికీ వినిపించలేదు. ఆమెకు ముఖం మండిపోయింది. ఆరు నెలలు మొగుడి అరచేతులు బొబ్బలు కట్టి చీము పట్టిన బావి అది. ఇప్పుడు నలుగురికీ నవ్వులాట అయింది.

జనార్దనయ్యకు మాత్రం దేవుడు దిగివచ్చినట్టుంది. నేరమే లేదంటే అంతకంటే కావలసిందేముంది? ఉత్తరీయంతో కళ్లు ఒత్తుకున్నాడు.

“నిజమే దొరా. అభిమానం. మా అన్న తవ్విన బావి గదా, చూస్తే కడుపు తరుక్కపోతాది. చుట్టుకోకుండా ఉండలేకపోయినాను.”

“బావి ఎవరిది?”

నవ్వుతున్న జనం ముందు జనార్దనయ్యకు ఒళ్లు తెలియలేదు. “మా వదినదే దొరా! పరాయోళ్లదైతే నాకెందుకింత అభిమానం?”

రోశమ్మ ఆ మాటను పట్టుకుంది. ఆమెకు మాటలు తక్కువే గాని, చెవులు రెండూ బాగానే పనిచేస్తాయి. జనం సద్దుమణిగేదాకా ఆగి, దొరకు దణ్ణం పెట్టింది.

“ఆ మాట రాసుకోండి దొరా. బావి నాదన్నాడు. అభిమానంతో కావలించుకున్నానన్నాడు. మంచిదే. వాళ్లన్న శవాన్నైనా గడియకి వదిలినాడు. దీన్ని రెండు ఎండాకాలాలుగా వదల్లేదు. జారిపోకుండా చుట్టూ కంప గూడా నాటినాడు. ఇంక వదలమనండి.”

ఈసారి నవ్విన వాళ్లు జనార్దనయ్య వైపు చూసి నవ్వారు. దొర ఒక్కడే నవ్వలేదు. గంభీరంగా కలం ముంచి తనకు వచ్చిన తెలుగులో స్వయంగా రాశాడు. జనార్దనయ్య తాను అభిమానముచేత ఆలింగనము చేసికొన్న రోశమ్మ బావిని, ఆ ఆలింగనమునకు ఉపయోగించిన కంపతో సహా, వారము దినములలో మునసబు ఎదుట స్వహస్తములతో విడువవలెను.

స్వహస్తములతో అని ఉంది గనక మునసబు కూలివాళ్లను రానివ్వలేదు. ఏడో రోజున జనార్దనయ్య పంచె ఎగగట్టి తానే కంప పీకాడు. రోశమ్మ మందను పక్కన నిలబెట్టుకొని, బావి ఒరమీద కూర్చొని చుట్ట కాలుస్తూ చూసింది. వెంగయ్య ఉంటే ఈ వేడుక చూసేవాడు గదా అని ఒక్కసారి కళ్లు చెమ్మగిల్లాయి. వెంటనే తుడిచేసుకుంది.

ఆఖరి కంప లాగేటప్పుడు అది తిరగబడి జనార్దనయ్య పంచెకూ పిక్కలకూ చుట్టుకుంది. కదిలితే ముళ్లు ఇంకా లోపలికి దిగుతున్నాయి.

“వదినా! కూసింత ఈ కంప తియ్యి వదినా. ఎంతైనా చుట్టాలం గదా!”

రోశమ్మ లేచి, ఆయన్ను దాటుకొని, గొర్రెల్ని నీళ్ల వైపు తోలింది.

“ఓర్చుకో మరిదీ. పాపం, దానికి నీ మీద ఎంత అభిమానమో!”