గోడ మీద రెండు ఓట్లు

మా దీవిలో అసలు పేర్లతో ఎవరికీ పని పడదు. అందుకే ఓట్లనాడు గుర్తింపు కార్డు చూసి నేను "మరీయా నికనోరా సాంతియాగో" అని పైకి చదివితే బడి వరండా అంతా ఘొల్లుమంది. ఆవిడ మాకు పావురమత్త. చీటీల్లో నా పేరు వచ్చి ఈసారి పోలింగు పెత్తనం నా నెత్తిన పడింది. లేకపోతే బట్టలు కుట్టుకునేదాన్ని, నాకెందుకు ఈ పెద్దరికం?

"కార్డు మీద బొమ్మ నీదేనా అత్తా?" అడగాలి కాబట్టి అడిగాను.

"నన్నడుగుతావేంటే? నేనెప్పుడన్నా చూసుకున్నానా?" అంది. ఆవిడ పుట్టుగుడ్డి.

వాన వెలిసిన పొద్దు. దీవి చుట్టూ ఉన్న ఉప్పునీటి కయ్య మీది వెలుగు వరండా కప్పుకెక్కి మెల్లమెల్లగా కదులుతోంది. ఓటు వేసే చోట కట్టిన తెర నిద్రపోతున్న మనిషి పొట్టలా ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఆ రోజు మందు అమ్మరు కనక మగవాళ్ళు కూడా బుద్ధిగా ఊయలల్లో పడుకుని, నల్ల సిరా అంటిన బొటనవేళ్ళు చూసుకుంటున్నారు. ఊరంతా కలిసి ఒకటే కల కంటున్నామా అనిపించింది. కాకపోతే గాలి తిరిగినప్పుడల్లా చచ్చిన చేపల కంపు.

ఆ కంపు దొన్ కాసిల్దో పుణ్యం. తన రొయ్యల చెరువుల కోసం కయ్య సముద్రంలో కలిసే మొగని పూడ్పించాడు, నీళ్ళు కదలక చేపలు చస్తున్నాయి. ప్రెసిడెంటు పదవికి ఆయనే పోటీలో ఉన్నాడు. మొగ తెరిపిస్తానని ఆవలి ఒడ్డు టీచరమ్మ ఎదురు నిలబడింది. అయినా దీవి మొత్తం కాసిల్దోదే. ఐసు పడవ ఆయనది, ఐసు రాకపోతే మా చేప మధ్యాహ్నానికే పాడవుతుంది. పైగా సగం ఇళ్ళలో పిల్లల జ్ఞానస్నానానికి జ్ఞానతండ్రిగా నిలబడింది ఆయనే, ఆ చుట్టరికంతో వాళ్ళంతా కొంపాద్రే అని పిలుస్తారు. ముందురోజు ఇంటింటికీ వచ్చి నవ్వుతూనే చెప్పిపోయాడు: "ఒక్క ఓటు తగ్గినా ఎవరిదో నాకు తెలిసిపోద్ది సుమా. ఆ ఇంటికింక ఐసెందుకు?"

"మా ఇంట్లో రెండూ నీవే కొంపాద్రే" అని అత్త మొగుడు అబుందియో మాటిచ్చేశాడు. తన బిడ్డకి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాణ్ణి కాదంటే పరువు పోతుందని ఆయన బాధ. ప్రతిసారీ అత్తని తెర వెనక్కి నడిపించి ఆవిడ ఓటూ తనే గీసేస్తాడు. ఈసారీ మోచెయ్యి పట్టుకున్నాడు. అత్త విదిలించుకుంది.

"నువ్విక్కడే ఉండు."

"పిచ్చిదానా, ఎక్కడ గీస్తావు, కళ్ళు కనపడవు గదా!"

"ఇన్నేళ్ళూ నీ వలలు అల్లింది కళ్ళతోనా, చేతుల్తోనా?"

వరండా మళ్ళీ నవ్వింది. మావ మొహం కందగడ్డ అయింది. "చెప్పవే దెల్ఫా, నువ్వేగా అధికారివి!" అని నా మీద పడ్డాడు.

"తోడు కావాలో వద్దో అత్త ఇష్టం మావా. రూలు."

చూపులేనివాళ్ళ కోసం గళ్ళు కత్తిరించిన అట్ట ఒకటి ఉంటుంది. బ్యాలెట్టు అందులో దూర్చి ఇచ్చి, ఏ గడి ఎవరిదో పైనుంచి వరసగా చదివాను. అత్త వల కన్ను చూసుకున్నట్టే ఒక్కొక్క గడినీ వేలితో తడిమి, తెర వెనక్కి వెళ్ళింది. ఎంతకీ రాదు. మావ కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి వచ్చి, మడిచిన కాగితం పెట్టెలో వేసి, సిరా పూయమని నాకు బొటనవేలు చాచింది.

"ఏం రంగే?"

"నలుపత్తా."

"నలుపు చల్లగా ఉందే," అని నవ్వింది.

ఆ నవ్వు చూడగానే ఓటు ఎవరికి పడిందో నాకు తెలిసిపోయింది. తెర ఉంది, పెట్టెకి తాళం ఉంది, ఏం లాభం? సాయంత్రం లెక్క కాగితం గోడకి అంటించాలి. టీచరమ్మ పేరు ఎదురుగా ఒకటి అని పడితే అదెవరిదో చంటిపిల్లలు కూడా చెబుతారు. ఒంటి ఓటుకి చాటెక్కడ దొరుకుతుంది?

మా దగ్గర అధికారులం ఆఖర్న వేస్తాం. ఉన్నమాట చెప్పాలంటే నేను కాసిల్దోకే అనుకుని వచ్చాను, మా తమ్ముడు ఐసు పడవలోనే పనిచేస్తాడు. తెర వెనక అంతా పచ్చగా, నీళ్ళ అడుగున నిలబడ్డట్టు ఉంది. కంపు అక్కడికీ వచ్చింది. మైనపు పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఈవిడ ధైర్యం తెచ్చి నా మెడకి చుట్టిందేమిటని ఒళ్ళు మండింది, భయమూ వేసింది. టీచరమ్మ గడిలో గీసేశాను.

లెక్క అంటించాం. టీచరమ్మకి రెండు. మా దీవిలో గెలిచిన కాసిల్దో గెలుపు మానేసి ఆ రెండునే చూశాడు. తర్వాత అత్త వైపు తిరిగాడు. ఒకటే అయితే ఆ చూపు అక్కడే ఆగేది. ఇప్పుడది అబుందియో మీదికి, నా మీదికి, తన పడవ కుర్రాళ్ళ మీదికి, వరండాలో ప్రతి మొహం మీదికీ పోయింది. ఐసు ఎవరికి ఆపాలో తేలక వెళ్ళిపోయాడు.

"టీచరమ్మకి ఎన్నే?" అత్త నా చెవిలో అడిగింది.

"రెండత్తా."

"రెండా?" ఆవిడ చూపులేని కళ్ళ నిండా నీళ్ళు. "అయితే ఇంకొకళ్ళున్నారే తల్లీ. ఈ దీవిలో ఇంకొకళ్ళున్నారు."

నేనే అత్తా అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆనాటి నుంచి కాసిల్దో అందర్నీ అనుమానంగా చూస్తాడు. అత్తకేమో అందరూ అయినవాళ్ళే. పలకరించిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుని, ఆ ఒకళ్ళు వీళ్ళేనేమో అన్నట్టు నిమురుతుంది. నా చెయ్యి పట్టుకున్నప్పుడు మాత్రం నేనే తొందరగా లాక్కుంటాను. ఇంకాసేపు ఉంచితే చెప్పేస్తాను.